ఓడిన సైన్యం నడిచిన చెలకలు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, అత్తాపూర్‌లోని మా ప్రచురణ సంస్థ ఒక జానపద సాహస నవలామాల చివరి సంపుటాన్ని నాకు అప్పగించింది. అప్పటికి నేను సీనియర్ సంపాదకురాలిని. రచయిత నర్సింహ గారిది శంషాబాద్ పక్కన రైతు కుటుంబం, ఆయన బడిలో లెక్కల మాస్టారు. పదిహేనేళ్లుగా ఒకే కల్పిత రాజ్యం గురించి రాస్తూ తొమ్మిదో సంపుటానికి వచ్చారు.

ఇంత పొడుగు కథకు మేం ఒక పట్టిక రాసుకుంటాం: ఏ పాత్ర వయసెంత, ఏ చేతికి గాయమైంది, చివరిసారి ఎక్కడ కనిపించింది. దానికోసం ఎనిమిది సంపుటాలూ మళ్లీ చదివాను. ఆ రాజ్యానికి ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుందో, యుద్ధం రోజున సైన్యానికి వంట ఎవరు చేస్తారో కూడా ఆయనకు తెలుసు. మంచి మాటలన్నీ రాజుకు కాకుండా గుర్రాల కాపరికి ఇచ్చారు. అది నాకెంతో ఇష్టం. కానీ నాలుగో సంపుటం నుంచి మంత్రుల సమావేశాలు ఒక పట్టాన తెమలవు. కోటలో బందీ అయిన వైద్యురాలిని ఆయన పూర్తిగా మరిచిపోయారు. తొమ్మిదోదానిలోనైతే ఓడిన సైన్యం రెండు వందల పేజీలు ఊరికే నడుస్తుంది. దాటిన ప్రతి చోటుకీ ఒక పేరు, అంతే. ఆ నడక మొత్తం తీసెయ్యాలని నివేదిక రాసి, వాళ్లింటికి పట్టుకెళ్లాను.

ఆయన చదివి కాగితాలు మడిచారు. "ఇగ ఈ పుస్తకం అచ్చెయ్యకున్రి మేడం. వాపస్ ఇయ్యిన్రి," అన్నారు.

చివరి సంపుటం వస్తోందని అప్పటికే ప్రకటించేశాం. చాయ్ తెచ్చిన ఆయన భార్య సుగుణ నా పక్కన కూర్చుంది.

"అక్కా, గవి ఉత్త పేర్లు కావు. మేం దున్నుకున్న మా చెలకల పేర్లు. మోదుగుల చెలక, కుంటెనక చెలక... అన్ని ఎయిర్‌పోర్టు రన్‌వే కిందికి పోయినయ్," అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "కని ఆ డాక్టరమ్మను కోటల ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయె! నేను అడుగుతనే ఉన్న. అక్క చెప్పిన దాంట్ల తప్పేంది?"

నర్సింహ గారికి నవ్వాగలేదు.

తీసెయ్యమన్న మాట నేను వెనక్కి తీసుకున్నాను. అయితే పేరొక్కటే చాలదనీ, ఆ చెలకను ఎన్నడూ చూడని పాఠకుడికి అక్కడ ఏం పండేదో, గట్టు కోసం ఎవరు కొట్లాడేవారో తెలియాలనీ చెప్పాను. తర్వాత పది రోజులు ఆయన దగ్గర్నుంచి ఫోన్ రాలేదు.

పదకొండో రోజు ఆ నడకను తిరగరాసిన అరవై పేజీలు వచ్చాయి. సైనికులు జొన్నకంకులు కాల్చుకు తింటూ, పాత గట్టు తగాదాలు తవ్వుకుంటూ ఒక్కో చెలకా దాటుతారు. తొమ్మిది సంపుటాల్లో అంత మంచి అధ్యాయం ఇంకొకటి లేదు. వైద్యురాలు కూడా బయటపడింది. మంత్రుల సమావేశాల్లో మాత్రం ఆయన ఒక్క వాక్యం వదులుకోలేదు. వాటి మీద పాఠకులు ఇప్పటికీ విసుక్కుంటారు, న్యాయమే.

లోపం ఎక్కడుందో గుర్తించడం సంపాదకుల పనిలో సగం. రచయిత దాన్ని అక్కడ ఎందుకు పెట్టాడో అడగడం మిగతా సగం. అప్పటిదాకా నేను మొదటి సగమే చేశాను.