పై క్వార్టర్ డాక్టరు

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా పై క్వార్టర్ శ్రీను డాక్టరే. కానీ ఇక్కడ అతనిలా మూడేళ్ల డాక్టరు కోర్సు చదివినవాళ్లు పల్లెటూళ్ల సర్కారీ ఆసుపత్రుల్లోనే వైద్యం చేయాలని రూలట. మా అత్తమ్మ దగ్గుకు మందు రాయమంటే, "రాయపూర్‌లో నేను రాయకూడదు మామ్మా, నాతో రండి" అన్నాడు.

ఈ రోజు పొద్దున్నే ఆవిడ అతని బండెక్కి ఆరంగ్ ఊరి అవతల పల్లెలో ఉన్న అతని ఆసుపత్రికి వెళ్లింది. దారి పొడవునా దగ్గుతూనే ఉన్నా అతను దగ్గు మాటే ఎత్తలేదట. లైనులో నిలబెట్టి, చీటీ తీయించి, అప్పుడడిగాడట: "దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"నాను దగ్గినప్పుడల్లా పైనుంచి నేల మీద కర్రతో కొడతన్నావు, నీకు తెల్దేటి?" అందట అత్తమ్మ.

సాయంత్రం ఇద్దరూ అదే బండి దిగారు. "ఈ మాత్ర అన్నానికి ముందా, తర్వాతా?" అని మెట్ల దగ్గర నేనడిగితే, శ్రీను అటూ ఇటూ చూసి, "రేపు ఆసుపత్రికి రండి వదినా" అన్నాడు.

మీ డాక్టరు ఎన్ని కిలోమీటర్ల అవతల డాక్టరవుతాడు?