బావ చేతికి స్మార్ట్‌వాచ్

మా బావకి వాచీల పిచ్చి. ఆ పిచ్చి నాకు అంటించింది కూడా ఆయనే. అక్క పెళ్లయిన కొత్తలో మొగుడంపల్లిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, తన చేతికున్న స్విస్ వాచీ విప్పి నా చెవికి ఆనించాడు.

"ఇను బామ్మర్ది. బ్యాటరీ గీటరీ ఏం లేదు. చెయ్యి ఊగుతుంటే చాలు, అదే నడుస్తది."

విన్నాను. అంతే, అప్పట్నుంచి ఆ చప్పుడు నన్ను వదల్లేదు.

తర్వాత బావ జహీరాబాద్‌లో పప్పు మిల్లు పెట్టాడు. నాకూ ఇక్కడే బ్యాంకులో ఉద్యోగమైంది. ఆదివారం పొద్దున మిల్లు వెనక గదిలో చేరి, పెట్టెలు తెరిచి, వాచీలకి కీ ఇచ్చి, తుడిచి, ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వినడం మా ఇద్దరి అలవాటు. అక్క దాన్ని "మీ పూజ" అనేది.

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం బావ చేతికి కొత్త వాచీ కనిపించింది. మేమిద్దరం ఏళ్ల తరబడి నెత్తిన పెట్టుకున్న కంపెనీదే. ముళ్లూ అంకెలూ అన్నీ వాళ్ల తీరే. కానీ బావ చెయ్యి పక్కకి తిప్పగానే వాచీ ముఖం నల్లగా ఆరిపోయింది.

"ఇదేంది బావా? స్మార్ట్‌వాచా?"

"అవ్. మంచిగున్నది గదా?"

"మరి పాతది, ఆ చెయ్యి ఊగితే నడిచే ఆటోమేటిక్ ఏది?"

"ఇచ్చేసిన. హైదరాబాద్‌ల ఒకాయన ఎప్పటిసంది అడుగుతుండె. ఆ పైసలతోని దుకాణంల ఇది తీస్కున్న."

నేను మొదటిసారి చెవికి ఆనించుకున్న వాచీ అది. ఆ రోజు మిగతా పెట్టెలు తెరవబుద్ధి కాలేదు.

ఫోన్లో మా వాచీల గ్రూపు ఒకటుంది. అందులో అప్పటికే ఆ కంపెనీ మీద పెద్ద రభస నడుస్తోంది. "తాతల పేరు పెట్టి ఫోను ముక్క అమ్ముతున్నారు" అని ఒకాయన. "కొన్నేళ్లకి సాఫ్ట్‌వేర్ ఆపేస్తారు. అప్పుడు మనవడికి ఏమిస్తావ్, నల్ల అద్దమా?" అని ఇంకొకాయన. "ఇట్లన్నా పిల్లలకి మన కంపెనీ పేరు తెలుస్తుంది, పోనివ్వండి" అని ఒక పెద్దాయన. అందరి మాటా సబబుగానే అనిపించేది, ఎవరి మాటా నచ్చేది కాదు. బ్యాంకులో పని మధ్యలో కూడా తీసి చదివేవాణ్ణి. సాయంత్రం ఇంట్లో కూర్చోలేక స్కూటరు తీసి హైవే మీదికి పోయి, లారీల పక్కన నిలబడి ఛాయ్ తాగుతూ వచ్చేపోయేవాళ్ల మణికట్లు చూసేవాణ్ణి. సగం చేతులకి అవే నల్ల అద్దాలు. వాళ్లెవరి మీదా లేని కోపం బావ మీదే ఎందుకో నాకే తెలియలేదు.

చివరికి తేల్చుకుందామని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. బావ వరండాలో పేపరు చదువుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అక్క పిలిచింది. "ఇగో, ఛాయ్ అయింది, తీస్కపో!" బావ తల ఎత్తలేదు. అక్క మళ్లీ పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. ఆమె గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి ఊరుకుని, చేతిలో ఉన్న ఫోను నొక్కింది. బావ మణికట్టు మీద వాచీ వెలిగి, తట్టినట్టుగా అదిరింది. పేపరు పక్కన పెట్టి లేచాడు.

నేను అక్క వైపు చూశాను.

"చెవులు పోయినయ్ రా," అంది మెల్లగా. "మిల్లు చప్పుడుకు. దవాఖానల చెవి మిషన్ ఇచ్చిన్రు. పెట్టుకుంటే అంత లొల్లి లొల్లి అయితుందని డబ్బాల పడేసిండు. నీకు చెప్పొద్దన్నడు."

ఎదురుగా కూర్చుంటే పెదాలు చూసి పట్టుకునేవాడు కాబోలు. మిల్లు రొదకి అలవాటుపడి ఆయనతో నేనెప్పుడూ గట్టిగానే మాట్లాడేవాణ్ణి. అందుకే నాకు తెలియలేదు.

ఛాయ్ పట్టుకొచ్చిన బావకి మా మొహాలు చూడగానే అర్థమైంది.

"టిక్ టిక్ ఇనరాక శానా రోజులాయె," అన్నాడు. "ఆదివారం నువ్వు చెవికి పెట్టుకుంటే నేను గూడ పెట్టుకుంట. నీ మొహం జూసి తల ఊపుత."

వచ్చిన పనే అడిగాను. "మరి ఏదన్న అగ్గువది, తక్కువ పైసలది కొనొచ్చు గద బావా? అది గూడ తట్టుతది."

"కొనొచ్చు. గని ఇన్నేండ్లు ఈ ముండ్లే జూసిన. ఇనుడు పోయింది, సూసుడన్న ఉండాలె గద."

కోపం పోయింది. దాని స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చుంది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున బావ నేరుగా బ్యాంకుకే వచ్చాడు. మనిషి కంగారుగా ఉన్నాడు. "జర సూడు, లేచేసరికి ఇట్లయింది." వాచీ మీద ఆ కంపెనీ ముళ్లూ అంకెలూ మాయమై, వాటి చోట రంగురంగుల గీతలున్నాయి. నేను సెలవు పెట్టాను. ఇద్దరం బస్సెక్కి హైదరాబాద్‌లో ఆ వాచీ కొన్న దుకాణానికి వెళ్లాం.

"కంపెనీ పంపిన సాఫ్ట్‌వేర్ మార్పు సార్, మన చేతిలో ఉండదు," అంది కౌంటర్లో అమ్మాయి.

"కొన్నాయనను అడగకుండ ఎట్ల మారుస్తరమ్మా? మా ఇంట్ల గోడ గడియారం ముండ్లు ఎవరన్న వచ్చి మార్చిపోతరా?" అన్నాను. గొంతు పెరిగింది. పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు.

ఆమె విసుక్కోకుండా చాలాసేపు వెతికి, పాతదాని లాంటి ముఖం ఒకటి తెచ్చి పెట్టింది. లాంటిదే కానీ అదే కాదు. సెకన్ల ముల్లు కొంచెం సన్నబడింది. నేను ఆ మాట అనబోయేలోపే బావ, "ఆ, ఇదే, ఇదే!" అని చంటిపిల్లాడిలా నవ్వాడు.

తిరుగు బస్సులో నేను కుదురుగా కూర్చోలేకపోయాను. ఇంకోసారి ఏం మారుస్తారో, ఎప్పుడు ఆపేస్తారో, అప్పుడు ఈయన దేన్ని చూసుకుంటాడో అని ఒకటే ఆలోచన. సదాశివపేట దాటాక బావ నా మోకాలు తట్టాడు.

"నాకు లేని ఫికర్ నీకెందుకు బామ్మర్ది?"

ఆయనకి వినపడేలా చెప్పాలంటే బస్సంతా వినపడేలా అరవాలి. ఏం లేదని చెయ్యి ఊపాను. ఆయన కిటికీ వైపు తిరిగి, తడిసిన అల్లం చేలు చూస్తూ కూర్చున్నాడు.