సిస్టరమ్మ చెల్లెళ్ల పేర్లు

చైతన్యపురిలో మా మేడ మీద కిరాయికి ఉండే అమ్మాయి నిన్న సాయంత్రం ఒక కాగితం పట్టుకుని కిందికి దిగింది. వాళ్ల ఆఫీసుకు ఐర్లాండ్ నుంచి ఫోన్లు వస్తాయట, పేరు తప్పు పలికితే అవతలివాళ్లు నొచ్చుకుంటారట. "గీ పేర్లు ఎట్ల చదవాల్నో సమజైతలేదు ఆంటీ" అంటూ ఒక పేరు మీద వేలు పెట్టింది. ఏ, ఓ, ఐ, ఎఫ్, ఈ. నేను "ఈఫ" అన్నాను. "మీకెట్ల ఎరుక?" అని ఆశ్చర్యపోయింది. చిన్నప్పుడు ఎవరో చెప్పారని మాట దాటవేశాను.

అరవై తొమ్మిదిలో నాకు పదకొండేళ్లు. తెలంగాణ ఉద్యమంతో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. అప్పటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లకంటే జొన్న చేలే ఎక్కువ. ఎల్బీనగర్ వైపు వెళ్తే రోడ్డూ, దుమ్మూ తప్ప ఏమీ ఉండేవి కావు. మూసారాంబాగ్ దాటాక క్రైస్తవ సిస్టర్లు నడిపే చిన్న దవాఖానలో మా నాన్న కాంపౌండరు. ఊళ్లో చదువు సాగదని మా పెద్దనాన్న తన కూతుర్ని మా ఇంట్లో ఉంచాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆమె వచ్చిన రోజు నుంచి కిటికీ పక్క చోటు ఆమెది, చారులో మొదటి గరిటె ఆమెది. ఆమె ఇంగ్లీషు గడగడా చదువుతుంటే నాన్న ముఖంలో కనిపించే వెలుగు నేను చదివినప్పుడు ఎన్నడూ కనిపించలేదు. బడి లేని పిల్లలు ఇంట్లో కొట్టుకు చస్తారని నాన్న మా ఇద్దరినీ రోజూ దవాఖానకు తీసుకుపోయేవాడు.

అక్కడ ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్ద సిస్టరమ్మ ఉండేది. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉండి మా తెలుగే మాట్లాడేది. ఆమెకు చూపు మసకబారింది. మిగతా సిస్టర్లకు రోగులతోనే తీరిక లేదు. అందుకని ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు చదివి పెట్టడానికి మా అక్కను ఎంచుకుంది. ఆ ఉత్తరాల నిండా తొమ్మిది మంది తోబుట్టువుల పేర్లు. రాసేదొకటి, పలికేదొకటి. బీ పక్కన హెచ్ వస్తే వ అట. టీ, ఏ, డీ, హెచ్, జీ అని అయిదక్షరాలు రాసి "టైగ్" అనాలట. అక్క ఒక నోట్‌బుక్కులో ఎడమ పక్క ఇంగ్లీషు అక్షరాలు, కుడి పక్క పెన్సిలుతో వాటిని పలికే తీరు తెలుగులో రాసుకుంది. తప్పు పలికితే సిస్టరమ్మ నవ్వి అక్క గడ్డం పట్టుకుని, పెదవులు ఎలా తిప్పాలో చూపించేది. నేను వరండాలో కట్లు కట్టే గాజుగుడ్డ మడతలు పెడుతూ చూసేదాన్ని. వినీ వినీ ఆ పేర్లన్నీ నాకూ వచ్చేశాయి. నన్ను అడిగినవాళ్లే లేరు.

ఆ తొమ్మిదింటిలో రెండు పేర్లు ఉత్తరాల్లో ఎప్పుడో గాని వచ్చేవి కావు. ఇద్దరూ చెల్లెళ్లే, ఒకరు ఈఫ, ఒకరు కీవ. ఒక మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్లినప్పుడు నోట్‌బుక్కులో కుడి పక్కన రబ్బరుతో తుడిచి, ఈఫ ఉన్నచోట కీవ, కీవ ఉన్నచోట ఈఫ అని తారుమారు చేశాను. అక్క తప్పు చదవాలి, సిస్టరమ్మ విసుక్కోవాలి. నేను కోరింది అంతే.

వారం తిరక్కుండానే సిస్టరమ్మ తమ్ముడి దగ్గర నుంచి నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది. అక్క నోట్‌బుక్కు చూసుకుని, గొంతు తగ్గించి, కీవ చనిపోయిందని చదివింది. సిస్టరమ్మ జపమాల తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. రెండు రోజులు రోగుల దగ్గరికీ రాలేదు. నేను వరండాలో మడిచిన గుడ్డలనే విప్పి మళ్లీ మడిచాను. మూడో రోజు సిస్టరమ్మ అక్కను పిలిచి, "కాగితం తీస్కో బిడ్డా. ఈఫకు రాయాలె. పదేండ్ల సంది మాటల్లేవు మాకు. తప్పు నాదే. అదన్న ఉన్నప్పుడే ఒప్పుకుంట" అంది.

నేను లేచి లోపలికి వెళ్లాను. "పోయింది ఈఫ, సిస్టరమ్మా. నోట్‌బుక్కుల నేనే మార్చిన" అన్నాను.

కొడుతుందనుకున్నాను. "ఈఫ ఇంకో రెండు దినాలు నాకోసం బతికింది" అంది ఆమె, తనలో తాను. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని నా గడ్డం పట్టుకుంది. "దాని పేరు మంచిగ పిలువు." పిలిచాను. ఇంకోసారి పిలవమంది. మూడోసారికి నాకు ఏడుపొచ్చింది. ఆమె నాకు నేర్పిన పేరు అదొక్కటే.

ఇంటికి నడిచి వస్తుంటే అక్క ఒక్కటే మాటంది. "నువ్వు అడిగితే ఉత్తరాలు నీకు ఇయ్యకపోదునా?" మళ్లీ బడులు తెరిచేదాకా నాతో మాట్లాడలేదు. ఉత్తరాలు మాత్రం తనే చదివింది. సిస్టరమ్మ ఆ పని నాకు ఒక్కరోజూ ఇవ్వలేదు. కొన్నేళ్లకు ఆమె తన దేశం వెళ్లిపోయాక కూడా, ఎవరి చేతనో రాయించిన ఉత్తరాలు అక్క పేరు మీదే వచ్చేవి. చివర్లో "నీ చెల్లెకు దీవెనలు" అని ఒక ముక్క ఉండేది. ఆ ముక్క కోసం నేను ఉత్తరమంతా విని, మళ్లీ మండిపడేదాన్ని.

ఇన్నేళ్లయింది. సిస్టరమ్మ ముఖం తనకు సరిగ్గా గుర్తు లేదని ఈ మధ్య అక్క తేలిగ్గా అనేసింది. నాకైతే కనుబొమల్లో నెరిసిన వెంట్రుకలతో సహా గుర్తుంది. అక్కకు దక్కిందాన్ని అంత సులువుగా మరపించిన కాలం, నేను ఓర్వలేక చూసినదాన్ని ఒక్క రోజు కూడా పాతబడనివ్వలేదు.