అనసూయ మేడం ముందు చదవడం

నిన్న మా ప్రయోగశాలలో పక్క బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఒక లవంగం నోట్లో వేసుకుంది. గొంతు నొప్పట. ఆ ఘాటు నా ముక్కుకు తగలగానే వీపు దానంతట అదే నిటారుగా అయింది. చదువుతున్న పరిశోధన పత్రంలో అప్పటికే రెండు పేజీలు దాటేశాను. తిరిగి మొదటి పేరాకు వెళ్ళి, మొదటి వాక్యం నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఎందుకలా చేశానో తెలిసి నాకే విసుగొచ్చింది. అనసూయ మేడం పోయి ఏడాది దాటింది. ఇంకా నన్ను వదల్లేదు.

మేడం నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. వికారాబాదులో నేను వృక్షశాస్త్రం చెప్పిన ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆమె ఇంగ్లీషు చెప్పేవారు. ప్రభుత్వ కాలేజీలో రిటైరై, ఇంట్లో పొద్దుపోక వచ్చి చేరారు. వాళ్ళది పరిగి దగ్గర భూములున్న కుటుంబం. జీతం కోసం పనిచేయాల్సిన అవసరం లేదు కాబట్టి ఎవరికీ భయపడాల్సిన అవసరమూ లేదు. ప్రిన్సిపాల్ నోటీసు బోర్డు మీద పెట్టిన ఇంగ్లీషు సర్క్యులర్‌ను ఎర్ర పెన్నుతో దిద్ది, అదే బోర్డుకు మళ్ళీ గుచ్చిపెట్టిన మనిషి. స్టేషన్‌కు దగ్గర్లో సొంత ఇంట్లో ఒక్కరే ఉండేవారు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదో కాలేజీలో ఎవరికీ తెలియదు. అడిగితే అడిగిన వాక్యంలో తప్పు పట్టుకుంటారన్న భయంతో ఎవరూ అడిగి ఉండరు.

నాది బంట్వారం దగ్గర ఒక పల్లె. మా నాయన గొర్రెలు కాస్తాడు, ఉన్న కొంచెం చెల్కలో కంది వేస్తాడు. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒక ఏడు ఆ చేనంతా ఏపుగా పెరిగి, పూత లేకుండా నిలబడిపోయింది. కందికి వచ్చే వెర్రి తెగులు అది. నాయన గట్టు మీద నిలబడి, ఇంత పచ్చగుండి గిది ఎందుకు పూస్తలేదని నన్ను అడిగాడు. తెగులు పేరు చెప్పాను. పేరు నేనేం చేసుకోవాలె బిడ్డా, అన్నాడు. పిహెచ్‌డి చేయాలన్న పట్టుదల నాకు అక్కడ మొదలైంది. కానీ ప్రవేశ పరీక్షలో వృక్షశాస్త్రంతో పాటు ఇంగ్లీషు కూడా ఉంటుంది, పదాలూ, పేరాలు చదివి జవాబులు గుర్తించడమూ. మొదటిసారి రాసినప్పుడు వృక్షశాస్త్రం నన్ను పైకి లేపితే ఇంగ్లీషు కిందికి లాగింది.

అప్పుడు నేను తాండూరులో అక్కా బావల దగ్గర ఉండేదాన్ని. బావ నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లో పనిచేసేవాడు. రోజూ ప్యాసింజర్ రైల్లో వికారాబాదు వచ్చిపోతూ, కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి పదకోశాన్ని బట్టీపట్టేదాన్ని. ఫోన్లో ఒక యాప్ కూడా ఉండేది. అది పొద్దున్నే నోరు తిరగని మాట ఒకటి పంపేది. ఒకరోజు స్టాఫ్ రూములో కళ్ళు మూసుకుని అలా వల్లిస్తుంటే మేడం వచ్చి ఎదురుగా కూర్చున్నారు. అంతకుముందు మా మధ్య నమస్కారాలు తప్ప మాటలు లేవు. నా పాత ప్రశ్నపత్రం లాక్కుని, ఒక పేరా చూపించి చదవమన్నారు. ఒక లోయలో రైతుల గురించిన పేరా అది. కొత్త విత్తనం ఎక్కువ దిగుబడి ఇచ్చినప్పటికీ పాతదాన్ని వదులుకున్న రైతులు తక్కువేనని అందులో ఒక వాక్యం. రచయిత ఉద్దేశం ఏమిటని ప్రశ్న. కొత్త విత్తనమే మంచిది, కొందరు రైతులు మారారు అని చెప్పాను.

“మంచిదని రాసినాయన అన్నడా, నువ్వన్నవా?”

ఎక్కువ పండుతుందని ఉంది కదా మేడం, అన్నాను. ఎక్కువ పండుతదన్నడు, మంచిదన్నడా అని మళ్ళీ అడిగారు. అక్కడున్నది ‘ఫ్యూ’ అనీ, ముందు ‘ఎ’ లేదనీ, అంటే దాదాపు ఎవరూ మారలేదని అర్థమనీ చెప్పారు. అంత చిన్న అక్షరం కోసం ఇంత గొడవా అనిపించింది. మేడం నా పదకోశాన్ని చేతిలో బరువు చూసినట్టు చూసి, తన సంచిలో వేసుకున్నారు. సాయంత్రం ఇంటికి రమ్మన్నారు. నేను అడగలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టారు. నా పుస్తకం నాకు తిరిగి రాలేదు.

ఆ ఇంట్లో నా చదువు ఎలా సాగిందో తలుచుకుంటే ఇప్పటికీ తలనొప్పి వస్తుంది. పరీక్షలో పేరాకు ఐదారు నిమిషాల కన్నా దొరకవు. మేడం ఒక్క పేరాను వారమంతా చదివించేవారు. అది కూడా పరీక్ష పుస్తకాల్లోది కాదు. కుక్కర్‌తో వచ్చిన కాగితం, బ్యాంకు పంపిన నోటీసు, మాత్రల పెట్టెలో మడిచి ఉండే చీటీ. ‘ఆల్దో’, ‘అన్‌లెస్’, ‘హార్డ్లీ’ లాంటి చిన్న మాటలు వచ్చినచోటల్లా ఆపేవారు. పెద్ద మాట తెలియకపోతే ఒక మార్కు పోతుందనీ, చిన్న మాట తెలియకపోతే అర్థమే తిరగబడుతుందనీ ఆమె వాదన. ఆపి, ప్రశ్నించి, నేను చెప్పిన జవాబులో ఇంకో ప్రశ్న తీసి, ఈలోగా కూరగాయలామెతో గేటు దగ్గర తగాదా పెట్టుకుని వచ్చేవారు. నా రైలు వెళ్ళిపోయేది. తర్వాతి బండి పట్టుకుని ఇల్లు చేరేసరికి అక్క మూతి ముడుచుకుని ఉండేది. పీజు లేకుండ చెప్తే గట్లనే ఉంటది, అనేది.

ఒకసారి పురుగుమందు సీసాతో వచ్చే కాగితం నా ముందు పెట్టారు. ఎక్కడ సంపాదించారో తెలియదు. చీమ తలకాయంత అక్షరాలు. అందులో ‘ఫోరేజింగ్’ అన్న మాట దగ్గర ఆగిపోయి, అర్థం తెలియకుండా ముందుకు ఎలా పోవాలని విసుక్కున్నాను. పదకోశం ఉంటే తెలిసేదని కూడా అన్నాను.

“ఆ మాట పక్కకు పెట్టు. ఎవరి గురించి చెప్తున్నడు, ఎప్పుడు, ఏం జేయొద్దంటున్నడు, గది చెప్పు.”

తేనెటీగల గురించి, పూత సమయంలో, మందు కొట్టొద్దంటున్నాడు. అంటే అవి పూల మీద మేతకు తిరుగుతున్నప్పుడు అన్నమాట. మాట అర్థం దానంతట అదే తేలింది. మేడం ఇంకో లవంగం వేసుకున్నారు. అక్కడినుంచి రైలెక్కాక నాయనకు ఫోన్ చేసి, పూత మీద మందు కొడుతున్నావా అని అడిగాను. కొడుతున్నాడట, పొద్దెక్కాక, సరిగ్గా తేనెటీగలు వచ్చే వేళకే. వద్దని చెప్పాను. మేడం పద్ధతి పనికొచ్చినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పరీక్ష దగ్గరపడుతుంటే నేను పురుగుమందు కాగితాలు చదువుతున్నానన్న బెంగే ఎక్కువగా ఉంది.

రెండోసారి పరీక్ష రాశాను. మేడం నేర్పినట్టే ప్రతి వాక్యాన్నీ ఆగి, ఎవరన్నారు, ఏమన్నారు అని చూసుకుంటూ చదివాను. బెల్లు కొట్టేసరికి చివరి రెండు పేరాలు ముట్టుకోనే లేదు. మళ్ళీ సీటు పోయింది. ఫలితం వచ్చిన రోజు స్టాఫ్ రూములో అందరి ముందూ ఆమెకు చెప్పాను. మీరు చెప్పినట్టు చదివితే పరీక్షలో టైము సరిపోదు మేడం, అన్నాను. రాసిన వాటిలో ఎన్ని తప్పు పోయాయని ఆమె అడిగారు. ఒక్కటీ పోలేదు. ఆ మాట చెప్పడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. చెప్పి, బయటికి వచ్చేశాను. ఆరోజు నుంచి వాళ్ళ ఇంటికి వెళ్ళడం మానేశాను. స్టాఫ్ రూములో ఎదురుపడితే నమస్కారాలు మాత్రమే మిగిలాయి.

తర్వాతి ఆదివారమో, ఆపై ఆదివారమో, తాండూరులో మా వాకిట్లో ఆటో ఆగింది. మోకాళ్ళు పట్టుకుని మేడం దిగారు. అడ్రసు ఎలా కనుక్కున్నారో గాని, స్టేషన్ నుంచి మా గల్లీ దాకా ఆటో అతనితో చార్జీ గురించి వాదిస్తూ వచ్చినట్టున్నారు, దిగాక కూడా అది సాగుతూనే ఉంది. అక్క కంగారుగా మంచినీళ్ళిచ్చింది. చుట్టూ యూనిట్లలో రాయి కోస్తున్న చప్పుడు, కిటికీ మీద తెల్లటి దుమ్ము. ఇంత మోతలో ఎట్ల చదువుతున్నవ్ అని అడుగుతారనుకున్నాను. అడగలేదు. బావ బల్ల మీద పెట్టిన కంపెనీ క్యాలెండరు చూసి, అందులో ‘పాలిషింగ్’ స్పెల్లింగు తప్పని అతనికి చెప్పారు. బావ అది తనే రాసినట్టు తల దించుకున్నాడు.

అప్పుడు సంచిలోంచి వంటింట్లో వాడే చిన్న టైమరు తీసి నా ముందు పెట్టారు. దాంతోపాటు పరీక్ష పేరాలు, ఎక్కడివో జిరాక్సు తీయించిన కట్ట.

“నీకు చదువుడు వచ్చింది. ఇగ జల్దీ చదువుడు నేర్చుకోవాలె. అది ఇంకో పని. రెండు ఒక్కసారి నేర్పరాదు బిడ్డా.”

ఆ మాట ముందే చెప్పి ఉంటే ఏం పోయేది అని నాకు ఒళ్ళు మండింది. అక్క పెట్టిన జొన్నరొట్టె తిని, పప్పులో చింతపండు ఎక్కువైందని చెప్పి, టైమరు తిప్పారు. రాయి కోసే చప్పుడులోనూ ఆ టిక్కుటిక్కు వినిపించింది. మోకాళ్ళ నొప్పితో ఆమె ఆ ఎండాకాలమంతా ఆదివారాలు తాండూరుకు వచ్చారు. నేనే వస్తానంటే వినలేదు. మీ ఇంట్లో మోత ఉంది, పరీక్ష హాల్లో కూడా ఉంటది అన్నారు. కాలం దాటి ఒక్క వాక్యం చదివినా కాగితం లాగేసుకునేవారు. అంతకుముందు ఆగలేదని తిట్టిన మనిషే ఇప్పుడు ఆగానని తిట్టేవారు. మేడం వచ్చే రోజు వస్తోందంటే శనివారం సాయంత్రం నుంచే అందరి మీదా చిరాకు పడేదాన్ని. అక్క మాత్రం పప్పులో చింతపండు తగ్గించింది.

మూడోసారి సీటు వచ్చింది. హైదరాబాదులో విశ్వవిద్యాలయం, నేను కోరుకున్న అంశమే, కంది వెర్రి తెగులు. ఫోన్ చేసి చెబితే మేడం, ఇంగ్లీషులో ఎన్ని తప్పు పోయినయ్ అని అడిగారు. రెండు పోయాయని చెప్పాను. ఏవో కనుక్కొని చెప్పమన్నారు. అభినందనలు లేవు. అక్కే నయం, ఏడ్చింది.

పరిశోధనలో చేరిన రెండో ఏడు నా మొదటి పత్రం రాశాను. పత్రికకు పంపే ముందు మేడంకు చూపించాలనిపించింది. ఎందుకు అనిపించిందో అడిగితే చెప్పలేను. ప్రతి కోపం తర్వాతా ఆమె దగ్గరికే వెళ్ళాను. అప్పటికి కాలేజీ మానేసి ఇంట్లోనే ఉంటున్నారు. చిక్కిపోయారు. నేను తీసుకెళ్ళిన కోవా డబ్బా పక్కన పెట్టి, అక్కడికక్కడే ఎర్ర పెన్ను పట్టుకుని చదివారు. నేను ఎదురుగా కూర్చుని, నా రెండేళ్ళ పని మీద గీతలు పడుతుంటే చూశాను. చివరికి కాగితాలు నా చేతిలో పెట్టి, దిద్దుకో అన్నారు. పని ఎలా ఉందో ఒక్క మాట చెప్పలేదు. చాయ్ తాగకుండా లేచి వచ్చేశాను.

అక్క దగ్గరికి తాండూరు రైలెక్కి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, అప్పుడు కాగితాలు తీశాను. ఒక్కో గీతా చూస్తూ పోయాను. అన్నీ సరైనవే, అదే మంట. ఒక్కచోట తప్ప. ‘వాలంటీర్’ అన్న మాటను నేను వాడిన చోటల్లా కొట్టేసి, పక్కన, మొక్కలు తమ ఇష్టంతో ఏ పనికీ ముందుకు రావు అని ఇంగ్లీషులో రాశారు. నాకు నవ్వొచ్చింది. రైల్లోంచే ఫోన్ చేశాను. కోతలో రాలిన గింజ తర్వాత ఎవరూ విత్తకుండానే మొలిస్తే ఆ మొక్కను అదే మాటంటారనీ, పంట లేని ఎండాకాలమంతా తెగులు ఆ మొక్కల్లోనే బతికి కొత్త చేనుకు ఎక్కుతుందనీ, నా పత్రమంతా వాటి గురించేననీ చెప్పాను. అటునుంచి ఏమీ వినబడలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను.

మరునాడు తెల్లవారుతుండగానే ఫోన్ మోగింది.

“చూసిన. డిక్షనరీల ఉంది. నువ్వే కరెక్టు, నేను తెల్వక కొట్టేసిన.”

ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. మీ నాయన చెల్కల గూడ గట్ల మొలుస్తయా అని అడిగారు. మొలుస్తాయన్నాను. ఎండాకాలంలో గొర్రెలు మేస్తాయి కదా అని వాటిని పీకకుండా వదిలేసేవాడని, ఇప్పుడు పీకించేస్తున్నామని చెప్పాను. మొన్నటి పంటలో పూత బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. సరే మంచిదన్నారు. ఆ తర్వాత, నా మూడో పేజీలో కామా ఒకటి పడలేదని, నిన్న అది చూపించడం మరిచిపోయానని చెప్పి ఫోన్ పెట్టేశారు.

ఆ చలికాలంలోనే మేడం పోయారు. నిద్రలోనేనట. నేను వికారాబాదు చేరేసరికి వాళ్ళవాళ్ళు పరిగికి తీసుకెళ్ళిపోయారు. తాళం వేసిన గేటు ముందు నిలబడితే, కూరగాయలామె వచ్చి, మీరు ఆమెకు ఏమైతరు అని అడిగింది. విద్యార్థినని చెప్పాను. మరి మస్తు తిట్లు తిన్నరనుకుంట, అంది.

ఇప్పుడు నా పత్రాలను మా గైడు చూస్తారు, పత్రికల తరఫున ఎక్కడెక్కడి సమీక్షకులో చూస్తారు. ఎవరు నా వాక్యం మీద గీత గీసినా ముందు నాకు కోపం వస్తుంది. మొహం ఎర్రబడుతుంది, కాగితం బోర్లించి లేచి వెళ్ళిపోతాను, వరండాలో రెండు చుట్లు తిరుగుతాను. ఆ తర్వాత వచ్చి కూర్చుని, వాళ్ళు ఏం రాశారో చిన్న మాటతో సహా చదువుతాను.