డెబ్బై ఏడంగుళాల పట్టె

రేపల్లెలో ఒకాయన నిద్రలోనే పోయాడు. నలభై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయేమో. ఆయన పడుకున్న మంచం మా షెడ్డులో చేసింది. దాని రెండు పొడుగు పట్టెలు ఎన్ని అంగుళాలకు కోయాలో తేల్చింది నేను. ఈ సంగతుల మధ్య ఏ సంబంధమూ లేదని, తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషిగా, ఎవరి ముందైనా వాదించగలను. మా నాన్న ముందు మాత్రం ఆ వాదన చెల్లలేదు.

నాన్న వడ్రంగి. తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఆయన పని. నాలుగేళ్ళ కిందట షుగరు కళ్ళకు ఎక్కింది. ఎదుట ఉన్నది మనిషో గోడో తెలుస్తుంది కానీ టేపు మీద అంకెలు కనపడవు. చేతికి ఏ లోటూ రాలేదు. చిత్రిక పడితే చెక్క అప్పటికీ నున్నగానే వచ్చేది. కానీ అంకె లేకుండా వడ్రంగం ఒక్క అడుగు నడవదు. అందుకని కొలతలు చదివి, లెక్క కట్టి, ఏ ముక్క ఎక్కడ కోయాలో కాగితం మీద రాసిచ్చే పని నా నెత్తిన పడింది. స్కూలు అయ్యాక సాయంత్రాలు, సెలవు రోజులు దానికే సరిపోయేవి.

చూడటానికి చాలా చిన్న లెక్కలు. ఎనిమిదడుగుల ప్లైవుడ్డు షీటులో రెండడుగుల అరలు ఎన్ని వస్తాయని అడిగితే మా ఏడో తరగతి పిల్లలు టక్కున నాలుగంటారు. రావు. రంపం నడిచిన ప్రతి చోటా అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టయి కింద రాలిపోతుంది. మూడు కోతలు కోసేసరికి ఆఖరి అర ఆ మేరకు కురచవుతుంది. ఎమ్మెస్సీ చదివిన నేను మొదటి నెలలోనే ఈ పొట్టు సంగతి మరిచిపోయి ఒక బీరువా అరలన్నీ పాడుచేశాను.

"పొట్టుక్కూడా లెక్కలో చోటు పెట్టాలమ్మా. అదీ చెక్కలోంచి వచ్చేదేగా" అన్నాడు నాన్న. తిట్టలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం బుద్ధి వచ్చేదని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత తర్వాత నాకు ఆ పనిలో పొగరెక్కింది. దాచుకోవడం దేనికి, బాగానే ఎక్కింది. ఒక వంటింటి అల్మారాలకు తొమ్మిది షీట్లు కావాలని నాన్న అంటే, ముక్కల్ని అటూ ఇటూ తిప్పి సర్ది ఎనిమిదిలో తేల్చేదాన్ని. మెషిన్ మీద కోత భాయ్ చేసేవాడు. నాన్న దగ్గర పాతికేళ్ళుగా ఉన్న పనివాడు, నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. "మేస్త్రీ, నీ కూతురు చెక్కని దర్జీ గుడ్డ కత్తిరించినట్టు కత్తిరిస్తోంది" అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

నాకూ నాన్నకూ తగువొచ్చేది ఆయం అనే వాస్తు లెక్క దగ్గరే. మంచానికైనా గుమ్మానికైనా పొడవును వెడల్పుతో గుణించాలి. వచ్చినదాన్ని తొమ్మిదితో గుణించాలి. ఆపైన ఎనిమిదితో భాగించాలి. శేషం బేసి అంకె వస్తే మంచి ఆయం. సరి అంకె వచ్చినా, ఏమీ మిగలకపోయినా చెడ్డది. అన్నిట్లోకీ నాలుగంటే నాన్నకు భయం. దాన్ని శునకాయం అంటారు. అలాంటి మంచం మీద పడుకున్నవాడికి ఆయుష్షు ఉండదని ఆయన నమ్మకం. ఎనిమిదితో భాగించేటప్పుడు ముందు తొమ్మిదితో గుణించినా మానేసినా శేషం మారదని, ఆ గుణకారం శుద్ధ దండగని ఒకసారి చెప్పాను.

"తెలుసులేవే. అయినా గుణించాలి" అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

బాపట్లలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ కొత్త ఇంటికి గుమ్మాలు ఒప్పుకున్నాం. లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. "మాకు ఆయాలూ గీయాలూ ఏం లేవండి మేస్త్రీ గారూ. బీరువా లోపలికి పట్టేంత వెడల్పుంటే చాలండి" అందావిడ. నాన్న బుద్ధిగా తలూపి వచ్చి, ఇంటి దగ్గర నాచేత ప్రతి గుమ్మానికీ శేషం కట్టించాడు. ఒకదానికి రెండు వస్తే వెడల్పు ఒక అంగుళం పెంచాడు.

"ఆవిడ వద్దంది కదా నాన్నా!"

"వద్దంది. కానీ రోజూ అందులోంచి నడిచేది ఆవిడేగా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

రేపల్లె ఆయన వచ్చింది ఆ రోజుల్లోనే. రొయ్యల మేత అమ్మే కొట్టు ఉంది, కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. టేకు మంచం కావాలన్నాడు. పరుపు ముందే కొనేశాడట, డెబ్బై ఐదు అంగుళాల పొడవు, నలభై ఎనిమిది వెడల్పు. నాన్న మంచానికి లోపలి కొలత డెబ్బై ఏడు, నలభై తొమ్మిది అని చెప్పాడు. నేను శేషం కట్టాను. ఐదు వచ్చింది, వృషభాయం.

"మీరెలా అంటే అలాగేనండి. నాకైతే పడుకోగానే నిద్రొస్తే చాలు. మా అమ్మకి ఈ పట్టింపులు జాస్తండి" అని నవ్వాడాయన. లావుపాటి మనిషి. నవ్వితే ఒళ్ళంతా కదిలేది.

పట్టెల కోసం తెచ్చిన టేకు చెక్క పొడవు పదమూడు అడుగులు. అంటే నూట యాభై ఆరు అంగుళాలు. డెబ్బై ఏడు రెళ్ళు నూట యాభై నాలుగు. మిగిలిన రెండంగుళాలు రంపానికీ, చివర్లు సాపు చేయడానికీ. ఎంత చక్కగా సరిపోయిందో అని మురిసిపోతూ కాగితం రాశాను. ఆదివారం నాన్న గుమ్మాలు బిగించడానికి బాపట్ల వెళ్ళాడు. భాయ్ చెక్కను మెషిన్ మీదికి ఎక్కించబోతూ నన్ను పిలిచాడు.

"ఇటు చూడమ్మా. ఈ చివర పగులుంది. మూడంగుళాలు లోపలికి పోయింది."

పగులు తీసేస్తే నూట యాభై మూడు. డెబ్బై ఏడంగుళాల పట్టెలు రెండు రావు. ఒక్క పట్టె కోసం ఇంకో పదమూడడుగుల చెక్కను కోయాలి.

"మేస్త్రికి ఫోన్ చేద్దామా?" అన్నాడు భాయ్.

"ఎందుకు? డెబ్బై ఆరు కొయ్యి. పరుపు డెబ్బై ఐదేగా, హాయిగా పడుతుంది."

"మరి ఆయం?"

"అంగుళం తగ్గితే మనిషి ఆయుష్షు తగ్గుతుందా భాయ్? నువ్వు కూడానా?"

"నాకేం తెలుసమ్మా. అది మీ నాన్న లెక్క" అన్నాడు. అని కోశాడు. కొత్త శేషం ఎంతో నేను కట్టి చూడనైనా లేదు. చూస్తే నాలుగు వచ్చేది. నాకు ఆ నిమిషంలో కనపడింది దండగ కాకుండా మిగిలిన చెక్క ఒక్కటే.

మర్నాడు సాయంత్రం నాన్న మంచం బిగించాడు. తల వైపు పలకకూ కాళ్ళ వైపు పలకకూ పొడుగు పట్టెలు తగిలించి, నన్ను టేపు పెట్టమన్నాడు.

"ఎంతమ్మా?"

నిజం చెబితే విప్పించి కొత్త చెక్క కోయిస్తాడని తెలుసు. "డెబ్బై ఏడు" అన్నాను.

భాయ్ పక్కనే గరుకు కాగితంతో చెక్క రుద్దుతున్నాడు. తల ఎత్తలేదు.

"సరిగ్గా చూశావా?" అన్నాడు నాన్న.

"చూశాను నాన్నా" అన్నాను, కాస్త విసుగ్గానే. ఆయన ఇంకేం అడగలేదు. ఆ వారంలోనే మంచం పాలిష్ పట్టించుకుని చిన్న లారీలో రేపల్లె వెళ్ళిపోయింది.

అయిదు నెలలకు ఆ లారీ లాంటిదే ఇంకొకటి మా ఇంటి ముందు ఆగింది. స్కూలుకు బయల్దేరుతున్నాను. ఇద్దరు మనుషులు మంచం విప్పదీసిన ముక్కల్ని ఒక్కొక్కటే దింపి షెడ్డు గుమ్మంలో పెడుతున్నారు. వాళ్ళతో వచ్చినాయన పోయినవాడి అన్నగారు. గుండు ఇంకా నున్నగా ఉంది.

"తమ్ముడు పోయాడండి. రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవలేదు. గుండె అన్నారు" అని, దింపిన పట్టె చూపించి, "మా అమ్మ ఎవర్నో పిలిపించి ఇల్లంతా కొలిపించిందండి. మంచం డెబ్బై ఆరుందండి. మీరు డెబ్బై ఏడు అన్నారట కదా. డెబ్బై ఆరైతే శేషం నాలుగంట" అన్నాడు.

అరవలేదు. అరిచి ఉంటే నేను కూడా అరిచేదాన్ని. గుండెజబ్బుకూ మంచానికీ ఏంటి సంబంధమని నిలదీసేదాన్ని. ఆయన అలా నెమ్మదిగా, ఏదో రసీదులో తప్పు చూపించినట్టు చెప్పాడు.

"కొలువమ్మా" అన్నాడు నాన్న.

పట్టె మీద టేపు పరిచాను. భాయ్ నా వైపు చూడటం లేదు. అన్నగారు చూస్తున్నాడు.

"డెబ్బై ఆరు" అన్నాను.

నాన్న చేతులు జోడించాడు. "తప్పు నాదేనండి. నాకు కళ్ళు కనపడవు. ఆ సంగతి మీ తమ్ముడికి చెప్పకుండా దాచాను. అమ్మాయి స్కూలుకెళ్ళినప్పుడు నేనే కొలిచి కోయించాను" అన్నాడు.

"కళ్ళు కనపడకపోతే ఈ పని ఎందుకు చేస్తారండీ?" అన్నాడు అన్నగారు. ఆయన లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఒక్క మాట, నేనే కోయించానండి అన్న ఒక్క మాట, నా నోట్లోంచి రాలేదు. పిల్లల చేత రోజూ తప్పు ఒప్పించే నోరు అది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

నాన్న ఆ రోజుతో పని మానేశాడు. బాపట్లలో మిగిలిన కిటికీలు వేరేవాళ్ళకు అప్పజెప్పాడు. రేపల్లె వైపు నుంచి ఎలాగూ ఎవరూ రావడం లేదు. భాయ్ కొన్నాళ్ళు చూసి చీరాలలో ఇంకో మేస్త్రి దగ్గర చేరాడు. నాన్న పొద్దస్తమానం వరండాలో కూర్చునేవాడు. సరిగ్గా తినేవాడు కాదు. షుగరు ఒక రోజు ఆకాశానికి, ఒక రోజు పాతాళానికి. నేను టేపు తప్పు చదివానని అనుకుంటున్నాడు కాబోలు, ఆ తప్పు తన మీద వేసుకున్నాడు కాబోలు అని నేను అనుకునేదాన్ని. అది కూడా నాకు అనువుగానే ఉండేది. తప్పు చదవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు కదా.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఇక భరించలేక చెప్పేశాను. చెక్కకు పగులుందని, డెబ్బై ఆరు కోయించింది నేనేనని, తెలిసే డెబ్బై ఏడని చదివానని.

"తెలుసమ్మా" అన్నాడు నాన్న.

"ఏంటి తెలుసు?"

"భాయ్ ఆ రోజే బాపట్లకి ఫోన్ చేశాడు."

"మరి తెలిసి నన్నెందుకు అడిగావు?"

"నువ్వే చెబుతావని. రెండుసార్లు అడిగా. చెప్పలేదు. పక్కన భాయ్ ఉన్నాడు. వాడి ముందు నిన్ను అబద్ధాలకోరుని ఎలా చెయ్యను? తర్వాత చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే పాలిష్ అయిపోయింది."

"నాన్నా, అంగుళానికి మనిషి పోడు."

"నీ లెక్కలో పోడు. నీకు అది పరుపు పట్టే మంచం. నీ తప్పేం లేదు. నాకు ఆ నాలుగంటే ఏంటో తెలుసు కదమ్మా. తెలిసీ లారీ ఎక్కించా. నీ మొహం చిన్నబోతుందని ఆ పిల్లాడిని చంపుకున్నా."

ఆయన ఏడవలేదు. ఏడ్చింది నేను. ఏడుస్తూనే వాదించాను. రేపల్లె ఆయన లావుగా ఉండేవాడని, బీపీ ఉండి ఉంటుందని, అయిదు నెలలు ఆ మంచం మీదే హాయిగా నిద్రపోయాడని చెప్పాను. మా ఇంట్లో ఉన్న తాతల నాటి మూడు మంచాలనూ కొలిచి వచ్చాను. రెండింటికి సరి శేషాలే వచ్చాయి. ఆ గుణకారాలూ భాగహారాలూ స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అంకెల్లో కాగితం నిండా వేసి, చూడు నాన్నా, చూడు అంటూ ఆయన చేతిలో పెట్టాను.

నాన్న కాగితాన్ని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. పై నుంచి కిందికి మెల్లగా చూశాడు.

"ఔనమ్మా. నువ్వన్నది నిజమే. ఇందులో ఏం లేదు. ఇంక ఏడవకు" అన్నాడు.

కాగితం తలకిందులుగా పట్టుకున్నాడని నేను ఆయనకు చెప్పలేదు.