బ్రీదర్ పైపులో చొక్కా గుడ్డ

పాత కార్ల షెడ్డులో ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అంటారు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, రోగం చెప్పేసేవాడు. ఆ పేరు మీదే బతికాడు, ఆ పేరు మీదే కాస్త పొగరూ పెంచుకున్నాడు. కిందటి చలికాలం జ్వరంతో పాటు ఆ ముక్కు కాస్తా పోయింది. వాసనకి పెట్రోలూ మంచినీళ్లూ ఒకటే అయిపోయాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పక్కనే స్పానరు పట్టుకుని పనిచేసే కూతురికి కూడా. మూత తీసి, వాసన చూసి, తల పంకించడం మాత్రం మానలేదు. నాటకం బాగానే సాగింది, లెక్కల మాస్టారి కారు వచ్చేదాకా.

మాస్టారు రిటైరయ్యాక ఆ ముసలి కారుని పసిపిల్లలా సాకుతున్నారు. "కార్లో కూర్చుంటే కాలిన ఆయిల్ వాసన మేస్త్రిగారూ, తల తిరిగిపోతోంది" అన్నారు. వాసన ఎక్కడిదో వెతకాలంటే ముక్కుండాలి కదా! ఇంజను లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపుదే అయ్యుంటుందనుకుని, కూతురు భోజనానికి వెళ్లినప్పుడు తన పాత చొక్కా గుడ్డ ఒకటి అందులో కుక్కేశాడు. ఇంత తెలిసిన మనిషి చేసే పనేనా అది? తరవాత తీద్దాంలే అనుకుని మరిచేపోయాడు.

వాసన పోయింది, ఆయిల్ కారడం మొదలైంది. అంతకుముందే ఆ ఇంజనుకి, ఆయిల్ బయటికి రాకుండా ఆపే వెనక సీలు కొత్తది వేసింది కూతురు. మాస్టారు మండిపడుతూ వచ్చేసరికి మేస్త్రి నోరు ఊరుకోలేదు.

"అమ్మాయి చేతిపని మాస్టారూ. ఇంకా కుదురు రాలేదు."

ఆ పిల్ల స్పానరు అందుకుంది. సీలు విప్పి మళ్లీ వేసింది. మళ్లీ కారింది. "ఇక నా కారు ఆ అమ్మాయి ముట్టుకోవద్దు" అని చెప్పి, కారు అక్కడే వదిలి వెళ్లిపోయారు మాస్టారు.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే గుడ్డ గుర్తొచ్చింది. ఎవరూ చూడకుండా లాగేద్దామని షెడ్డుకి పరుగెత్తాడు. అప్పటికే కూతురు ఇంజను నడిపి, ఆయిల్ మూత తీసి, ఆయిల్ పోసే కంత మీద కాయితం పెట్టింది. కాయితం ఎగిరి ఆయన కాళ్ల దగ్గర పడింది.

"లోపల ఆవిరికి దారి లేదు నాన్నా. అందుకే సీలు దగ్గర ఆయిల్ని కక్కుతోంది."

ఇంజను ఆపి, పైపులోకి తీగ పోనిచ్చి లాగింది. నీలం గళ్ల గుడ్డ. ఆ చొక్కాకి ఊడిన గుండీలు కుట్టింది ఆ పిల్లే.

గుడ్డని మడిచి పక్కన పెట్టింది. నాలుగు మాటలు అన్నా బాగుండేది ఆయనకి. పైపు కింది కొస విరిగి, ఆవిరి కారు అడుగు సందుల్లోంచి లోపలికొస్తోందని కనిపెట్టి, కొత్త ముక్క అతికించింది.

మాస్టారు వచ్చాక "పైపులో ఏదో గుడ్డ చిక్కుకుందండీ" అని మాత్రం అంది. మాస్టారు అలవాటుగా ఆయిల్ మూత తీసి మేస్త్రి చేతిలో పెట్టారు.

"మీ ముక్కు చెబితేనే నాకు నమ్మకం."

ఎప్పట్లా తల ఊపితే సరిపోయేది. కూతురు చేతులు తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడింది. తన ముక్కు సంగతి ఈ పిల్లకి ఎప్పుడో తెలిసిపోయిందని అప్పుడర్థమైంది ఆయనకి. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఆ గుడ్డ కుక్కింది నేనే మాస్టారూ. నాకు వాసన తెలియడం మానేసి చాలా రోజులైంది. అమ్మాయి పనిలో ఏ లోపమూ లేదు."

మూత కూతురి చేతికిచ్చాడు.

"నువ్వు చూసి చెప్పమ్మా."

మాస్టారు ఆ అమ్మాయి వైపు తిరిగి, ఏం చెబుతుందో అని ఆగారు.