ఉప్పు కూడా వెయ్యని క్యారెట్

ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెద్ద వంటమాస్టరంటే అందరికీ గౌరవం. ఆయన మూత తీస్తే గేటు దగ్గర కాపలావాళ్ళకి కూడా నోరూరుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరూ కాదనలేదు. కాదంటే తమ కంచంలో పడే గరిట చిన్నదైపోతుందని భయం.

ఇంట్లో మాత్రం ఆయన వంటని ఖాతరు చెయ్యని మనిషి ఒకతె ఉంది. కూతురు బుల్లి. బడిలో చేర్చిన ఏడాదే పాపకి ఆటిజం ఉందని తెలిసింది. మాటలు తక్కువ, తిండి అంతకన్నా తక్కువ. తెల్లటి అన్నం, ఉడకబెట్టిన బంగాళదుంప, అంచు విరగని బిస్కెట్టు. వాటిలో ఒకటి ఇంకోదానికి తగిలిందా, ఆ పూటకి కంచం దండగే.

మాస్టరు దీన్ని తన చేతి మహిమకి జరిగిన అవమానంగా తీసుకున్నాడు. ఊరంతా లొట్టలేస్తుంటే కన్నకూతురు ముఖం తిప్పుకోవడమా అని లోలోపల కుమిలిపోయాడు. కూరల్ని పువ్వుల్లా కోశాడు, చేపల్లా కోశాడు. బుల్లి ఆ చేపల్ని వరసగా కిటికీ గట్టు మీద పేర్చి, తన బంగాళదుంప తను తింది.

ఇంతలో ఎవరో ఫోన్లో ఒక వీడియో పంపారు. గోధుమా పాలూ మానిపిస్తే ఇలాంటి పిల్లలు ఇట్టే మారిపోతారని అందులో ఒకాయన ఢంకా బజాయించి చెప్పాడు. మాస్టరు బిస్కెట్ల డబ్బా తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు.

"డాక్టరుని ఓ మాట అడగొచ్చు కదండీ," అంది భార్య, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా.

"తిండి సంగతి నాకొకరు చెప్పాలా?" అన్నాడాయన.

బిస్కెట్టు పోయింది, బుల్లి మారలేదు. అప్పుడాయన తన విద్యంతా బయటికి తీశాడు. క్యారెట్‌ని మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టి, రంగు కూడా తేలకుండా అన్నంలో కలిపాడు. పోలీసు కుక్కని తెచ్చినా పట్టుకోలేదనుకున్నాడు. బుల్లి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. వేళ్ళతో బయటికి తీసి, కంచం అంచుకి రాసి, లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి అన్నం గిన్నె కనపడితే చాలు, చెవులు మూసుకుని గది మూలకి పోయేది.

అలా ఆ గొప్ప వంటమాస్టరు కూతురి మూడు తిళ్ళని ఒకే ఒక్క బంగాళదుంపకి దించాడు.

పాప చిక్కిపోయింది. ఈసారి భార్య అడగలేదు, ఆటో పిలిచింది. పిల్లల ఆహారం చూసే డాక్టరమ్మ గదిలో మాస్టరు తను చేసిన ప్రయోగాలన్నీ ఏకరువు పెట్టాడు. ఆవిడ ఓపిగ్గా విని, "మీరు వండేది కాదండీ, పాప తినేది చెప్పండి," అంది.

బంగాళదుంపతోనే ఆయన జాబితా అయిపోయింది.

"ఇది మొండితనం కాదు. వాసనా, మెత్తదనం, రంగూ పాపకి మనకన్నా గట్టిగా తెలుస్తాయి. ఎప్పుడూ ఒకేలా ఉంటేనే నమ్ముతుంది. నమ్మిన అన్నంలో మీరు దొంగతనంగా ఏదో కలిపారు. ఇంక అన్నాన్ని ఎలా నమ్ముతుంది?"

రక్తపరీక్షలో ఇనుము తక్కువని తేలింది. దానికి చుక్కల మందు రాసిచ్చింది. గోధుమా పాలూ పడటం లేదన్న సూచన ఏదీ లేదు కాబట్టి బిస్కెట్టు మళ్ళీ ఇమ్మంది. కొత్త తిండిని వేరే పళ్ళెంలో దగ్గరుంచి, ముందు తామే తినమంది. బతిమాలొద్దు, మెచ్చుకుంటూ గోల చెయ్యొద్దు అంది.

"ఈయన మాట్లాడకుండా ఉండాలాండీ?" అంది భార్య. అదే అసలైన మందన్నట్టు ఆవిడ ముఖం కాస్త విచ్చుకుంది.

ఒక సెలవు రోజు మాస్టరు వంటింట్లో నేల మీద కూర్చుని క్యారెట్లు తరుగుతున్నాడు. బుల్లి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక చక్రం తీసి వాసన చూసింది. పంటికి తాకించి టక్కుమనిపించింది. పెట్టేసింది. ఆయన గోడ మీది మరకని ఎంతో ముఖ్యమైన వస్తువులా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చాలాసార్లు ఇదే తంతు. ఒకనాడు కరకరమని చప్పుడైంది. నమిలి ఉమ్మేసింది. ఇంకోనాడు మింగేసింది.

ఆయనకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళు పొయ్యి ముందు ఒళ్ళు కాల్చుకున్న మనిషి, కూతురు మెచ్చే వంటకి పొయ్యే అక్కర్లేదని అప్పుడు తెలుసుకున్నాడు. అయినా చెయ్యి ఊరుకోలేదు. మరుసటి రోజు ఇంత ఉప్పు, రెండు చుక్కల నిమ్మరసం జల్లాడు. బుల్లి ఒక్క వేలితో పళ్ళేన్ని దూరంగా నెట్టింది. ఆయన నోరెత్తకుండా వేరే క్యారెట్ కడిగి తెచ్చాడు.

అన్నం తిరిగి రావడానికి చాలాకాలం పట్టింది. భార్య వేరే గిన్నెలో వండుతుంది, ఆ గిన్నె దరిదాపులకి మాస్టరు రాకూడదు. ఈమధ్య కీరదోస కూడా కంచంలో చేరింది. యాపిల్ ఇంకా వాసన చూడటం దగ్గరే ఉంది.

మొన్న డాక్టరమ్మ గది బయట ఒక తల్లి ఆయన్ని గుర్తుపట్టింది. "మీరు వంటమాస్టరు కదండీ, పాపకి ఏం చేసి పెడతారు?"

"కడిగి పెడతానమ్మా," అన్నాడాయన. ఆవిడ తమాషా అనుకుని నవ్వింది. ఆయన పక్కకి జరిగి కూర్చోమని చోటిచ్చి, వాళ్ళ పిల్లాడు ఏం తింటాడో అడిగాడు.